ఏ మెత్తన?

పొడి అంటే ఏమిటో, గరుకు అంటే ఏమిటో, ముద్ద అంటే ఏమిటో అప్పారావు తొమ్మిదేళ్లుగా ఒక పొడుగాటి నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చాడు. అవి వంటింటి మాటలు కావు. అతను కట్టిన ఆంప్లిఫయర్లోంచి వచ్చే పాటను గవర్రాజు తిట్టడానికో మెచ్చుకోవడానికో వాడే మాటలు.

ఇద్దరిదీ కిరందుల్ గనిలో కొలువు. అప్పారావు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. విజయనగరంలో బీయస్సీ చదివి, ఇనుపరాయి వ్యాగన్లు తిరిగే కొత్తవలస లైను మీదే వచ్చి ఇక్కడ దిగినవాడు. గవర్రాజు అనకాపల్లి మనిషి, సీనియర్ ఫిట్టరు. గుట్ట మీద తవ్విన రాయిని క్రషర్లో నలగ్గొట్టి, కొండవాలున బెల్టుల మీద కిందికి దింపి, యార్డులో వ్యాగన్లకు నింపుతారు. ఆ బెల్టులకు కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్ అప్పారావుది. వాటిని తిప్పే డ్రమ్ములూ బేరింగులూ గవర్రాజువి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అనుకునేవారు.

మొదట్లో గవర్రాజు మాటలకు అప్పారావు నవ్వేవాడు. "పాటకి తడీ పొడీ ఏటి బావా?" అనేవాడు. కానీ పొడిగా ఉందని గవర్రాజు అన్న ప్రతిసారీ మీటరు పెట్టి చూస్తే, ఏదో ఒక చిన్న కండెన్సరు కింది స్వరాల దారికి అడ్డం పడి ఉండేది. గరుకు అంటే, రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని పని ఒకటి అందుకునే చోట అతుకు సరిగా పడలేదని. ముద్ద అంటే, ఫిడేలు మీద మృదంగం వచ్చి కూర్చుందని. తెర పడిందంటే పై స్వరాలు తగ్గాయని. గాలాడుతోందంటే వాయిద్యానికీ వాయిద్యానికీ నడుమ మనిషి నడిచేంత చోటుందని. ఎడమ పేజీలో గవర్రాజు మాట, కుడి పేజీలో తను మార్చిన పార్టు, పైన తేదీ. మీటరు అరగంట తిరిగి చెప్పేది ఆ చెవి అరనిమిషంలో చెప్పేది.

వెచ్చన అనే మాట ఒక్కటే చాలాకాలం లెక్కకు అందలేదు. అప్పారావు భార్య రమణమ్మ బతికున్న రోజుల్లో, వాల్వుల ఆంప్లిఫయరు వెచ్చగా పాడుతోందని గవర్రాజు అంటే ఆవిడ వంటింట్లోంచి వచ్చి, దాని మీద రెండు చేతులూ కాచుకుని, "అవునన్నయ్యా, నిజమే" అని వెళ్లిపోయేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆదివారం పొద్దుటి పాటలు మాత్రం ఆగలేదు. గవర్రాజు భార్య గంగారత్నం ఒక గిన్నెలో కూర పంపేది. ఆ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదని అప్పారావు బజారుకు వెళ్లి ఏవో నాలుగు పళ్లు తెచ్చేవాడు. ఆ పనితోనే అతనికి ఆదివారం సాయంత్రం గడిచిపోయేది.

అన్నిటికంటే చిక్కు మాట మెత్తన. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఉన్నదంతా ఉండి అంచులు మాత్రం గుచ్చుకోకుండా ఉండటం. ఇంకొకటి, అంచులే లేకపోవడం, దూది కుక్కినట్టు. మొదటిదాన్ని గురించి ఒకసారి జోగ చక్కగా చెప్పాడు. జోగ కిష్టారం దగ్గరి దొర్ల తెగవాడు, బెల్టు కింద రాలిన రాయి ఎత్తిపోసే మజ్దూరు. ఎప్పుడో ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మరు మోసుకొచ్చి పెట్టి, పాట విని, అప్పటినుంచి ప్రతి ఆదివారమూ వచ్చి గడప దగ్గర కూర్చునేవాడు. "తెల్లారకముందు అడవిల ఇప్పపువ్వు రాలినట్టుంది దాదా," అన్నాడు. "పడ్డది వినొస్తది. దెబ్బ తగిలినట్టుండది." అప్పారావు ఆ మాట కూడా రాసుకున్నాడు.

ఆ నోట్‌బుక్కు కథ ఇంతే అయితే చెప్పుకోవలసిన పని ఉండేది కాదు. గవర్రాజు ఆ మాటలు ఇంట్లో పుట్టించినవి కావు, ప్లాంటులోంచి తెచ్చినవి. ఫిట్టర్లు పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడికి చెవి పెట్టి లోపలి చప్పుడు వింటారు. బేరింగు పొడిగా ఉందంటే గ్రీజు లేదని. గరుకుగా ఉందంటే గుండ్ల మీద గాట్లు పడ్డాయని. మెత్తగా ఉందంటే నడపొచ్చని. పద్నాలుగేళ్లుగా ఆ గుట్ట మీద గవర్రాజు మెత్తగా ఉందంటే బెల్టు నడిచింది, కాదంటే ఆగింది. తక్కినవాళ్లు క్రషరు దగ్గర చెవుల్లో దూది పెట్టుకుంటే అతను పెట్టుకునేవాడు కాడు. "దూదెట్టుకుంతే మిషన్ మాటెలా ఇనబడద్ది?" అనేవాడు.

ఎనభై మూడు, సెప్టెంబరు మొదటి ఆదివారం. అప్పారావు కొత్త వాల్వుల ఆంప్లిఫయరు పూర్తిచేశాడు. ఎనిమిది నెలలుగా కడుతున్నది. గవర్రాజు వారం వారం విని, తెర పడింది అన్నప్పుడల్లా అప్పారావు పై స్వరాలు కాస్త పెంచుతూ వచ్చాడు. ఆ రోజు గవర్రాజు కుర్చీలో కూర్చున్నాడు. సబ్‌స్టేషన్లో అప్పారావు కింద పనిచేసే రామనర్సయ్య, కుంట వైపు మనిషి, మంచం పట్టె మీద కూర్చున్నాడు. జోగ గడప దగ్గర. అప్పారావు ఫిడేలు రికార్డు పెట్టాడు.

నాలుగు కమానులు పడ్డాయో లేదో రామనర్సయ్య తలపట్టుకున్నాడు. "ఏందన్నా ఇది! చెవుల్ల సూదులు గుచ్చినట్టుంది."

"నీ చెవులకి కోడిపుంజు కూతే ఎక్కువ," అన్నాడు గవర్రాజు. అతని కళ్లు మూతలు పడి ఉన్నాయి. "ఇన్నాళ్లకి తెర ఇడిపోనాది బావా. మెత్తగా ఉంది. గాలాడతంది."

"గాలి కాదన్నా, సుడిగాలి. జోగా, నువ్వు చెప్పు, నీకెట్లుంది?"

జోగ మొహమాటంగా నవ్వాడు. "రేకు మీద గొడ్డలి గీకినట్టుంది," అన్నాడు మెల్లిగా.

"ఈడొకడు! నిన్నటిదాకా డోలు తప్ప ఇంకోటి ఇన్నోడు కాదు," అన్నాడు గవర్రాజు. అందరూ నవ్వారు. అప్పారావు కూడా నవ్వాడు. కానీ అతనికీ పళ్లు జివ్వుమంటూనే ఉన్నాయి. ఎనిమిది నెలలుగా తను వింటున్నది తన చెవితో కాదనీ, గవర్రాజు చెవితోననీ అప్పుడు స్ఫురించింది.

వాళ్లు వెళ్లాక మీటరు పెట్టి చూశాడు. పై స్వరాలు ఉండవలసినదానికి నాలుగింతలు ఉన్నాయి. నోట్‌బుక్కు తీసి వెనక్కి తిప్పాడు. ఈ ఏడు: తెర, తెర, మసక, తెర. కిందటేడు: కొంచెం మసక, తెర. ఆ ముందేడు నుంచి మొదలు: పల్చటి తెర. అంతకుముందు ఆ మాట ఎక్కడో ఏడాదికి ఒక్కసారి. కుడి పేజీలో తను మార్చిన పార్టులన్నీ ఒకే దిక్కుకు నడిచాయి. మూడేళ్లుగా తను ఆంప్లిఫయరు బాగుచేస్తున్నాననుకున్నాడు. పేజీ పేజీకీ ఒక మనిషి చెవి తగ్గిపోవడాన్ని తేదీలు వేసి మరీ రాసిపెట్టాడు. ఆ మధ్యాహ్నం అప్పారావు అన్నం వండుకోలేదు.

మరుసటి ఆదివారం వర్క్‌షాపు నుంచి ఆసిలేటరు తెచ్చాడు. గుండీ తిప్పితే ఒక్కటే స్వరం, సన్నగానో బొంగురుగానో, ఆగకుండా పలికే పెట్టె. రామనర్సయ్యకు ఆ పూట డ్యూటీ. జోగ మామూలుగానే గడప దగ్గర ఉన్నాడు.

"పాట నేదేటి బావా?"

"ఒక టెస్టు బావా. వినబడితే చెప్పు."

సెకనుకు వెయ్యి కంపనాల దగ్గర గవర్రాజు, "రైలు కూత," అన్నాడు. రెండు వేలు. "ఆఁ, ఉంది." మూడు వేలు. "తగ్గించీసినావేటి?" అప్పారావు తగ్గించలేదు. నాలుగు వేలకు తిప్పాడు. గది నిండా ఒక తీగ బిగిసి మోగినట్టయింది. కిటికీ గూట్లో పిచ్చుకలు రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయాయి. జోగ రెండు చెవులూ మూసుకుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. పక్క క్వార్టరు ఆవిడ గోడ మీంచి, "క్యా హో రహా హై, భయ్యా!" అని అరిచింది.

గవర్రాజు గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు. "ఆపీసినావా బావా? ఎప్పుడెడతావు మరి?"

అప్పారావు ఎనిమిది వేలకు తిప్పాడు. "ఇప్పుడొస్తంది, సన్నగా," అన్నాడు గవర్రాజు సంతోషంగా. ఈ పక్క స్వరాలూ ఆ పక్క స్వరాలూ వినబడి, నడుమ ఒక గొయ్యి. గవర్రాజు నవ్వుతూ తిరిగి చూసి, చెవులు మూసుకుని కూర్చున్న జోగను చూశాడు. ఆ నవ్వు ముఖం మీదే కాసేపు ఉండి, నెమ్మదిగా పోయింది. అప్పారావు పెట్టె ఆపేశాడు. జోగ లేచి, ఇద్దరి ముఖాలూ చూసి, "నేను పోయొస్త దాదా," అని వెళ్లిపోయాడు. ఏమీ అడగకుండా వెళ్లడం అతని మంచితనం.

"మోగిందేటి?" అన్నాడు గవర్రాజు.

"మోగింది."

"ఎంత గట్టిగా?"

"పక్కింటావిడ అరిచింది బావా."

గవర్రాజు తన అరచేతులు చూసుకున్నాడు. బేరింగు పొడిబారితే వేసే కేక సరిగ్గా ఆ గొయ్యిలోనే పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"రేపు ఆసుపత్రికి వెళ్దాం," అన్నాడు అప్పారావు. "నేనూ వస్తాను. తర్వాత ఇంజనీరుకి చెబుదాం. నిన్ను స్టోర్సులోకో మరెక్కడికో మారుస్తారు. పోయేదేం లేదు."

"శనివారం పూజ బావా."

సెప్టెంబరు పదిహేడు విశ్వకర్మ పూజ. ఆ రోజు ప్లాంటంతా కడిగి పూలు కడతారు. కొబ్బరికాయ కొట్టాక సీనియర్ ఫిట్టరు స్క్రూడ్రైవరుకు కుంకుమ పెట్టి, ఆగి ఉన్న ఒక్కో మిషను దగ్గరికీ వెళ్లి లాంఛనంగా చెవి ఆనించి, దాని బాగోగులు అందరికీ చెబుతాడు. తొమ్మిదేళ్లుగా ఆ పని గవర్రాజుది. పిల్లలను ఎత్తుకుని ఆడవాళ్లు కూడా చూడటానికి వచ్చేవారు. గంగారత్నం ఆ రోజు పట్టుచీర కట్టుకునేది.

"ఆ ఒక్కరోజు దాటనీ. సోమవారం నానే ఎళ్లి డాక్టరుకి సెప్పుకుంతాను. ఈలోగా ఏ బేరింగు మీదా సెవెట్టను. పూజరోజు మిషన్లన్నీ ఆగే ఉంతాయి కదా, ఏటవద్ది? గంగారత్నానికి కూడా నానే సెప్పాల. నువ్వు సెప్పకు బావా. నీ కాళ్లట్టుకుంతాను."

"ఛ, అదేం మాట!"

"మరి మాటియ్యి."

అప్పారావు మాటిచ్చాడు. ఎనిమిది రోజులు. పద్నాలుగేళ్లలో ఎనిమిది రోజులు ఎంతనిపించింది. స్నేహితుడి ముఖంలోకి కాస్త నెత్తురు తిరిగి రావడం చూసి, మంచిపనే చేశాననుకున్నాడు.

గురువారం వాన పడుతోంది. పదిన్నరకు సబ్‌స్టేషన్లో ఫోను మోగింది. రామనర్సయ్య తీసి, విని, రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, పైనుంచి. నాలుగో బెల్టు డ్రమ్ము బేరింగు వేడెక్కిందంట. ఖాళీగ తిప్పి చూశిన్రంట. గవర్రాజన్న చెవి పెట్టి మెత్తగ ఉందన్నడంట. లోడు ఎత్తుతం, చూసుకోమంటున్నరు."

అప్పారావు లేచి నిలబడ్డాడు. చెవి పెట్టనన్నాడు కదా. తర్వాత తెలిసింది ఏమిటంటే, రాయపూర్ నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు పదిమంది ఫిట్టర్ల ముందు స్క్రూడ్రైవరు తెప్పించి, "ఆప్ హీ బతాయియే," మీరే చెప్పాలి అని గౌరవంగా చేతికిచ్చాడు. గవర్రాజు దాన్ని అందుకుని బేరింగు మీద ఆనించాడు.

అప్పారావు రిసీవరు లాక్కుని గవర్రాజును పిలవమన్నాడు. వెనక బెల్టు మోత, రేకుల మీద వాన.

"బావా, నేను."

"ఆఁ బావా."

"మెత్తనన్నావంట. ఏ మెత్తన?"

"ఏటీ?"

ఇద్దరిదీ తొమ్మిదేళ్ల భాష. అంచులు ఉన్న మెత్తనా, అంచులు లేని మెత్తనా? ఎదుటివాళ్లకు అర్థం కాకుండా, నిజం బయటపెట్టకుండా, అడగవలసిన ప్రశ్న అదొక్కటే అనుకున్నాడు అప్పారావు. గొంతు పెంచాడు. "ఏ మెత్తన బావా? ఏ మెత్తన?"

"ఎత్తు, ఎత్తు!" అన్నాడు గవర్రాజు ఉత్సాహంగా. "ఎత్తెయ్ బావా, ఏటడుగుతావు!" తర్వాత గొంతు దూరమైంది. "సబ్‌స్టేషన్ రెడీ సార్. ఎత్తనా అంతన్నాడు."

లైను తెగిపోయింది.

తను ఏ మెత్తన అంటే అక్కడ ఏమెత్తనా, అంటే లోడు ఎత్తనా, అని పడింది. అప్పారావుకు ఆ క్షణంలోనే అర్థమైంది. చేతికి అందేంత దూరంలో నాలుగో బెల్టు స్విచ్చు ఉంది. ఎర్ర గుండీ. నొక్కితే కరెంటు పోతుంది, బ్రేకులు వాటంతటవే పడతాయి, బెల్టు కొండ మీద నెమ్మదిగా ఆగుతుంది. కానీ లోడు మీద ఉన్న బెల్టును ఆపితే రిజిస్టరులో కారణం రాయాలి. కారణం రాస్తే గవర్రాజు పేరు రాయాలి. పూజకు ఇంకా రెండు రోజులే ఉంది.

"ఏందన్నా? ట్రిప్పు కొట్టాల్నా?" రామనర్సయ్య చెయ్యి గుండీ మీదికి వెళ్లింది.

"ఆగు," అన్నాడు అప్పారావు.

ఫోను మళ్లీ తిప్పాడు. ఎంగేజ్. మళ్లీ తిప్పాడు. గోడ మీద మీటరు ముల్లు కొంచెం కొంచెంగా జరుగుతోంది. వేల టన్నుల రాయి నిలకడగా దిగుతున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఒకవేళ నిజంగానే మెత్తగా ఉందేమో. చెవికి రాకపోయినా చేతికి తెలుస్తుంది కదా, పద్నాలుగేళ్ల చెయ్యి. ఇంకొక్కసారి తిప్పాడు. ఎంగేజ్. మొత్తం మూడు నిమిషాలు.

ముల్లు ఎగిరి చివరికి కొట్టుకుంది. అప్పారావు గుండీ మీద గుద్దాడు. ఆ దెబ్బకు బ్రేకులు పడ్డాయి, కానీ పట్టుకోవడానికి డ్రమ్ము లేదు. బేరింగు బిగుసుకుపోయి ఇరుసు తెగింది. పట్టు వదిలిన బెల్టు నిండు లోడుతో కొండవాలున జారిపోయింది. యార్డు వైపు నుంచి మొదట ఒక గట్టు విరిగిపడిన చప్పుడు, ఆ తర్వాత సైరను.

కింద, బెల్టు మీది రాయి వ్యాగన్లలోకి జారే చూటు దగ్గర, వానకు తడిసి గడ్డకట్టిన రాయిని పారతో గీకుతున్నది జోగ.

అతన్ని తవ్వి తీయడానికి గంట పట్టింది. అప్పటికి ప్రాణం ఉంది. ఆసుపత్రిలో వేళకాని వేళ ఎవరినీ రానివ్వని నర్సమ్మ, జోగ భార్య హుంగేను మంచం మీదే కూర్చోనిచ్చింది. అడవి దారి నుంచి నడిచి వచ్చిన ఆమె పాదాలకు బురద ఉంటే తుడవమని కూడా అనలేదు. రామనర్సయ్య జోగ పిల్లలిద్దరినీ తన క్వార్టరుకు తీసుకుపోయి అన్నం పెట్టి పడుకోబెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం జోగ పోయాడు. చివరివరకూ అతని చెయ్యి భార్య ఒళ్లోనే ఉంది. ఆ మాత్రం జరిగింది.

శనివారం పూజ లేదు.

విచారణ పన్నెండు రోజుల తర్వాత పెట్టారు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు అధికారులు. మధ్యాయన నెరిసిన జుట్టు మనిషి, మెత్తని హిందీ, ఎవరినీ కసరని గొంతు. ఇంజనీరు చెప్పాడు, రామనర్సయ్య చెప్పాడు. హుంగే గోడవార బెంచీ మీద కూర్చుంది. ఆమెకు దొర్లీ వచ్చు, తెలుగు వచ్చు, హిందీ రాదు. తన పెనిమిటి చావు గురించి పొద్దుటినుంచి పదిమంది మాట్లాడుతుంటే ఆమె ఆ నోళ్ల వంక చూస్తూ కూర్చుంది. గవర్రాజు కూడా ఆ నోళ్ల వంకే చూస్తున్నాడు. బేరింగు గురించి అడిగితే, "మెత్తగానే ఉండె సార్," అన్నాడు. అతని గడ్డం మాసి, చొక్కా భుజాల మీంచి జారినట్టుంది. అబద్ధం చెప్పడం లేదు. అతనికి వినబడింది అదే.

అప్పారావు వంతు వచ్చింది. ఫోనులో ఏమి మాట్లాడారు అని అడిగాడు అధికారి. తను నోరు మెదపకపోతే ఇది బేరింగు తప్పుగా ముగిసిపోతుంది. ఇంజనీరు చూపు కూడా అదే చెబుతోంది. హుంగేకు రావలసింది ఎటూ వస్తుందని నిన్న ఎవరో అన్నారు కూడా.

అప్పారావు హిందీలో చెప్పాడు. ఏ మెత్తన అన్న మాట, అది ఎలా వినబడిందో, ఎందుకు అలా వినబడిందో. మూడేళ్ల పేజీలు, ఆదివారం పెట్టిన స్వరం, తను ఇచ్చిన మాట. ఎర్ర గుండీ దగ్గర గడిచిన మూడు నిమిషాలు. "నేను ఆగు అన్నాను. రామనర్సయ్య ఆపబోయాడు. నేనే ఆగమన్నాను." గొంతు పెద్దగా లేవలేదు. తలవంచుకుని చెప్పడం వల్ల పెదవులు కూడా గవర్రాజుకు కనబడలేదు.

గవర్రాజు కుర్చీలో ముందుకు వంగాడు. "ఏటన్నావు బావా?"

అప్పారావు అధికారి వంక చూశాడు.

"నా పేరెత్తినావు కదా. ఏటన్నావు?"

అధికారి కలం పక్కన పెట్టాడు. "ఆయనకు చెప్పండి," అన్నాడు హిందీలో. "ఆయనకు తెలియాలి."

అప్పారావు తెలుగులో చెప్పాడు. గవర్రాజు చెవికి చెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపాడు. "గట్టిగా సెప్పు."

అప్పారావు అతని కుర్చీ దగ్గరికి వెళ్లి, భుజం పట్టుకుని, చెవిలోకి అరిచాడు. "నీకు చెవులు వినబడవు బావా! ఆ ఆదివారమే తెలిసింది నాకు! తెలిసీ ఎవరికీ చెప్పలేదు! తెలిసీ బెల్టు ఆపలేదు!"

వరండాలో టీ తాగుతున్నవాళ్ల మాటలు ఆగిపోయాయి. గవర్రాజు భుజం అతని చేతికింద ఒక్కసారి బిగుసుకుని, వదులైంది.  

గోడవార బెంచీ మీద హుంగే లేచి నిలబడింది. పెనిమిటి చావు గురించి పొద్దుటినుంచి ఆ గదిలో ఆమెకు పూర్తిగా అర్థమైన మొదటి మాటలు అవే.

"నాకూ తెలుసు," అంది.

అప్పారావు తిరిగి చూశాడు.

"ఆ ఆదివారం ఇంటికొచ్చి చెప్పిండు. చెవులు ఇంకా గింగురుమంటున్నయి అన్నడు. గవర్రాజు దాదాకు చెవులు పోయినయి, పాపం, అన్నడు." ఆమె గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. "నేను భయపడ్డ. నువ్వు ఆ బెల్టు కిందనే ఉంటవు కద, ఎవలికన్నా చెప్పు అన్న. ఎందుకు, ఫోర్‌మన్ దాదాకు ఎరుకే, ఆయన చూసుకుంటడు అన్నడు. తిని పండుకున్నడు."

ఆమె కూర్చుంది.

బల్ల వెనక ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. తెలుగు తెలిసినవాళ్లు ఆ గదిలో కొద్దిమందే ఉన్నారు. "క్యా కహా ఇన్హోంనే?" ఆమె ఏమందని అడిగాడు మధ్యాయన, అప్పారావునే చూస్తూ.

అప్పారావు ఆ మాటలను హిందీలోకి మార్చాడు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఏదీ జారిపోకుండా, ఆయన చూసుకుంటాడు అన్న మాట దగ్గర కూడా గొంతు తగ్గించకుండా చెప్పాడు. అధికారి రాసుకున్నాడు.

గవర్రాజు అప్పారావు చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు. "ఆవిడేటంది బావా?"

అప్పారావు అతని చెవి దగ్గరికి వంగి, ఈసారి మొదటినుంచీ గట్టిగానే చెప్పాడు.